వర్షాధార పత్తికి నేల రసాయనం: భూసార పరీక్ష పత్రాన్ని చదివి ఎరువు నిర్ణయించుకునే పద్ధతి

ఆదిలాబాద్, కుమురం భీం ఆసిఫాబాద్, నల్గొండ, నాగర్‌కర్నూల్ జిల్లాల్లోనూ, కర్నూలు జిల్లా ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల్లోనూ, పల్నాడు మెట్టలోనూ పత్తి ప్రధానంగా వానను నమ్ముకునే పండుతుంది. దిగుబడి తగ్గిన ఏడు రైతు ముందు విత్తనాన్ని అనుమానిస్తాడు, తరువాత పురుగును, ఆపైన వానను. నేలలో జరిగిన రసాయన మార్పు సంగతి చివరికి గాని గుర్తుకు రాదు. అయితే మెట్ట నేలల్లో పోషకాలు పూర్తిగా లేకపోవడం అరుదు. ఉన్నవి వేరుకు అందని రూపంలో బిగుసుకుపోవడమే తరచుగా కనిపించే ఇబ్బంది. గాదె నిండా గింజ ఉండి తాళంచెవి కనబడని ఇంటి పరిస్థితి లాంటిది ఇది. కనుక ఎకరాకు ఎన్ని సంచులు వేయాలని అడగడానికి ముందు, వేసిన ఎరువు ఈ నేలలో ఏ రూపంలోకి మారుతుంది, ఎప్పుడు ఎక్కడ వేస్తే వేరు దాన్ని పట్టుకోగలదు అన్నది తెలుసుకోవాలి.

బెట్ట ప్రాంతంలో ఈ ప్రశ్నకు అదనపు బరువు ఉంది. నైట్రేటు రూపంలోని నత్రజని, కాల్షియం, మెగ్నీషియం, గంధకం, బోరాన్ మొక్క పీల్చుకునే నీటితో పాటు వేరు దగ్గరికి ప్రవహించి వస్తాయి. భాస్వరం, పొటాష్, జింకు అలా రావు. అవి మట్టి రేణువుల చుట్టూ ఉండే పలుచని నీటి పొరలో కొద్ది మిల్లీమీటర్ల దూరం మాత్రమే జరుగుతాయి. పై జానెడు మట్టి ఎండిపోయిన రోజున ఆ నీటి పొర తెగిపోతుంది, పోషకం ఉన్నచోటే ఆగిపోతుంది. పత్తి తల్లివేరు లోతున ఉన్న తేమతో మొక్కను బతికిస్తుంది గాని, ఆ లోతులో భాస్వరమూ జింకూ చాలా తక్కువ. మొక్క పచ్చగానే కనిపిస్తూ గూడ, అంటే పూమొగ్గలు, రాల్చడానికి ఇది ఒక ముఖ్య కారణం.

ముందు నేలను గుర్తించాలి

నల్లరేగడిలో బంకమన్ను పాలు ఎక్కువ. ఆ బంకమన్ను తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలు విచ్చే జాతిది. దాని రేణువులకు పోషకాలను అంటిపెట్టుకునే శక్తి అధికం కాబట్టి కాల్షియం, మెగ్నీషియం, పొటాష్ సాధారణంగా సరిపడా ఉంటాయి. దానికి తోడు సున్నం ఉంటుంది. దున్నినప్పుడు తెల్లని సున్నపు గుండ్లు బయటపడే పొలాలు చాలామంది చూసే ఉంటారు. ఈ సున్నం వల్లనే రేగడి ఉదజని సూచిక (నేల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె), అంటే వాడుకలో పీహెచ్, సాధారణంగా 7.8 నుంచి 8.5 మధ్య నిలుస్తుంది.

ఎర్ర చల్క, దుబ్బ నేలల తీరు వేరు. వీటి బంకమన్ను పోషకాలను తక్కువగా పట్టుకుంటుంది, ఇసుక పాలు ఎక్కువ, లోతు తక్కువ. పీహెచ్ 6 నుంచి 7.5 మధ్య ఉండి పత్తికి అనువుగానే ఉన్నా, నత్రజని, పొటాష్, మెగ్నీషియం, బోరాన్ పెద్ద వానకు కిందికి కొట్టుకుపోతాయి. ధర ఆశతో గత రెండు దశాబ్దాల్లో పత్తి ఈ చల్కల్లోకి బాగా పాకింది. గడ్డపారతో రెండు మూడు చోట్ల తవ్వి చూడండి. మూరెడు లోతులోపే మొరం తగిలితే ఆ చేను వర్షాధార పత్తికి తగినది కాదని నా అభిప్రాయం. అక్కడ ఎంత శ్రద్ధగా ఎరువు వేసినా, రెండు వారాల బెట్టను తట్టుకునేంత నీరు నేలలో నిలవదు. కంది, జొన్న, ఆముదం అక్కడ నష్టం తక్కువ చేస్తాయి.

మట్టి నమూనా తీయడం

కేంద్ర ప్రభుత్వ భూసార కార్డు పథకం 2015లో మొదలైంది. ఆ కార్డులో పీహెచ్, లవణ పరిమాణం, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీస్, బోరాన్ అనే 12 అంశాలు ఉంటాయి. అయితే ఒక విషయం గమనించాలి. ఆ పథకం నిబంధనల ప్రకారం వర్షాధార భూముల్లో 10 హెక్టార్లకు, అంటే సుమారు 25 ఎకరాలకు ఒక నమూనా తీస్తారు. ఆ పాతిక ఎకరాల్లో ఒక మూల రేగడి, మరో మూల చల్క ఉండవచ్చు. మీ చేతిలోని కార్డు మీ పక్క రైతు మట్టిది కావచ్చు. కాబట్టి సొంతంగా నమూనా తీసి దగ్గరలోని భూసార పరీక్ష కేంద్రానికి గాని, కృషి విజ్ఞాన కేంద్రానికి గాని ఇవ్వడం మేలు.

చివరి పత్తి తీత అయిపోయి, ఎరువులు ఏవీ వేయకముందు, వేసవిలో నమూనా తీయాలి. రంగు, వాలు, పంట తీరు ఒకేలా ఉన్న భాగాన్ని ఒక ముక్కగా పరిగణించి, అందులో వంకరటింకరగా నడుస్తూ పది నుంచి పదిహేను చోట్ల పైనున్న చెత్తను తొలగించి, 15 సెంటీమీటర్ల లోతున 'వి' ఆకారంలో గుంట తీసి, దాని గోడ వెంట పై నుంచి కింది వరకు ఒకే మందంగా మట్టి గీకాలి. గట్ల పక్కన, చెట్ల కింద, పెంటకుప్పలు వేసిన చోట, నీరు నిలిచే పల్లంలో తీయకూడదు. సూక్ష్మపోషకాలు కూడా పరీక్షించాలంటే తుప్పు పట్టిన పారతో గాని, జింకు పూత ఉన్న బకెట్‌తో గాని పని చేయకూడదు. కర్ర పుల్ల, ప్లాస్టిక్ తొట్టి వాడాలి. మట్టినంతా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అర కిలో మిగిలేదాకా తగ్గించి, నీడలో ఆరబెట్టి గుడ్డ సంచిలో ఇవ్వాలి. చౌడు, అంటే లవణాలు గాని సోడియం గాని పేరుకున్న నేల, అన్న అనుమానం ఉన్న పొలంలో మాత్రం పై పొరతో పాటు 15–30, 30–60 సెంటీమీటర్ల లోతు మట్టిని కూడా వేర్వేరుగా తీసి ఇవ్వాలి. రేగడిలో సోడియం చాలాసార్లు కింది పొరల్లోనే దాగి ఉంటుంది.

పత్రంలో మొదట చూడవలసిన అంకెలు: పీహెచ్, లవణ పరిమాణం

పత్రం చేతికి రాగానే చాలామంది నత్రజని, భాస్వరం, పొటాష్ గడుల వైపే చూస్తారు. వాటికన్నా ముందు పీహెచ్ చూడాలి. మిగతా అంకెలకు అర్థం చెప్పేది అదే.

పీహెచ్ 6 నుంచి 8 వరకు ఉంటే పత్తికి ఇబ్బంది లేదు. 8 దాటి 8.5 వరకు ఉంటే సున్నం ఉన్న రేగడి అనుకోవాలి. అందులో పత్తి పండుతుంది గాని జింకు, ఇనుము, మాంగనీస్ కరగవు. పీహెచ్ ఒక అంకె పెరిగితే మట్టి నీటిలో కరిగే జింకు సుమారు నూరో వంతుకు పడిపోతుంది. అందువల్ల 7.2 ఉన్న నేలలో సరిపోయిన జింకు 8.2 ఉన్న నేలలో సరిపోదు. సున్నం ఉందో లేదో ఇంటి దగ్గరే చూసుకోవచ్చు: పొడి మట్టి మీద కొద్దిగా వినెగర్ పోసినప్పుడు బుసబుస పొంగితే సున్నం బాగా ఉన్నట్టు. ఈ సున్నాన్ని తొలగించడం ఎవరికీ సాధ్యం కాదు. పీహెచ్ తగ్గిస్తామని అమ్మే సీసాలకు డబ్బు పోయవద్దు. ఎకరం రేగడిలో టన్నుల కొద్దీ ఉన్న సున్నాన్ని లీటరు ద్రావణం ఏమీ చేయలేదు. అక్కడ మనం మార్చుకోగలిగినది ఎరువు రకాన్నీ, వేసే చోటునూ, వేళనూ మాత్రమే.

పీహెచ్ 8.5 దాటితే సోడియం మీద అనుమానం పెట్టుకోవాలి. అప్పుడు పక్కనే ఉన్న లవణ పరిమాణాన్ని కలిపి చదవాలి. ఒక పాలు మట్టికి రెండున్నర పాళ్లు నీళ్లు కలిపి కొలిచే సాధారణ పద్ధతిలో ఆ అంకె 1 లోపు ఉంటే లవణ సమస్య లేనట్టే. పీహెచ్ 8.5 లోపు ఉండి, లవణ పరిమాణం ఎక్కువగా ఉండి, వేసవిలో నేల మీద తెల్లని పొర తేలితే అది తెల్ల చౌడు. పీహెచ్ 8.5 మించి, లవణ పరిమాణం తక్కువగానే ఉండి, వాన నీరు ఇంకక బురదగా నిలిచి, ఎండితే రాయిలా గట్టిపడితే అది కారు చౌడు. ఈ రెండింటికీ మందు ఒకటి కాదు.

తెల్ల చౌడులో జిప్సం వేయడం దండగ. అక్కడ కావలసింది లవణాలు కిందికి కడిగిపోయే దారి. పొలం చుట్టూ, వాలుకు అడ్డంగా లోతు కాలువలు తీసి, గట్లు బలపరచి, తొలకరి నీటిని నిలగట్టి ఇంకనివ్వాలి. పత్తి ఎదిగిన తరువాత ఉప్పును బాగా తట్టుకునే పంటల్లో ఒకటి గాని, మొలక దశలో అంత ఓర్పు దానికి లేదు. బోదె నెత్తిన ఉప్పు పేరుకుంటుంది కాబట్టి విత్తనాన్ని బోదె పక్క వాలులో పెట్టాలి.

కారు చౌడులో జిప్సమే మార్గం. జిప్సంలోని కాల్షియం, బంకమన్నుకు అంటుకున్న సోడియాన్ని తోసివేసి ఆ స్థానంలో తాను కూర్చుంటుంది. రేణువులు మళ్లీ గుత్తులుగా కలిసి నేల గుల్లబారుతుంది. ఎంత వేయాలనేది పరీక్ష కేంద్రం 'జిప్సం అవసరం' అనే లెక్కగా ఇస్తుంది. ఊరందరికీ ఒకే మోతాదు చెప్పేవారి మాట నమ్మకూడదు. వేసవి చివర జిప్సం చల్లి, పై పది సెంటీమీటర్ల మట్టిలో కలియదున్ని, తొలి వానలకు మడి కట్టి నీరు నిలపాలి. బయటికి వచ్చిన సోడియం పోయేందుకు కాలువ లేకపోతే చేసిన ఖర్చంతా వృథా అవుతుంది. ఆ తరువాత జీలుగ గాని జనుము గాని వేసి పూతకు ముందు కలియదున్నితే, అది కుళ్లినప్పుడు పుట్టే ఆమ్లాలు నేలలోని సున్నాన్ని కొంత కరిగించి ఈ పనికి తోడ్పడతాయి.

బెట్టలో బోరు నీటితో ఒకటి రెండు తడులు ఇచ్చే వారు ఆ నీటిని కూడా పరీక్ష చేయించాలి. నీటిలో మిగులు సోడియం కార్బొనేటు లీటరుకు 2.5 మిల్లీ ఈక్వివలెంట్లు దాటితే ఆ నీరు సాగుకు పనికిరాదు. అలాంటి నీటిని ఏళ్ల తరబడి పారిస్తే మంచి రేగడి కూడా కారు చౌడుగా మారుతుంది. వానతో బతికించుకోగలిగిన పంటకు చెడ్డ నీరు పెట్టడం కన్నా మానుకోవడమే నయం.

నత్రజని, భాస్వరం, పొటాష్: ఒక పత్రం ఉదాహరణగా

వర్షాధార హైబ్రిడ్ పత్తికి మన రాష్ట్రాల్లో సాధారణ సిఫారసు ఎకరాకు 48 నుంచి 60 కిలోల నత్రజని, 24 కిలోల భాస్వరం, 24 కిలోల పొటాష్. పరీక్షలో ఒక పోషకం తక్కువగా తేలితే ఆ పోషకాన్ని 30 శాతం పెంచడం, ఎక్కువగా తేలితే 30 శాతం తగ్గించడం ఆనవాయితీ.

ఒక రేగడి చేను పత్రంలో ఇలా ఉందనుకుందాం: పీహెచ్ 8.3, లవణ పరిమాణం 0.3, సేంద్రియ కర్బనం 0.38 శాతం, హెక్టారుకు నత్రజని 170 కిలోలు, భాస్వరం 38 కిలోలు, పొటాష్ 420 కిలోలు, గంధకం 8 పీపీఎం (పది లక్షల పాళ్ల మట్టిలో 8 పాళ్లు), జింకు 0.4 పీపీఎం, ఇనుము 5.2 పీపీఎం, బోరాన్ 0.4 పీపీఎం.

నత్రజని 280 లోపు ఉంటే తక్కువ కిందే లెక్క, కనుక ఇది తక్కువ. మన మెట్ట నేలలన్నింటి పరిస్థితీ దాదాపు ఇదే. 48 కిలోలకు 30 శాతం కలిపితే సుమారు 62 కిలోలు, అంటే 135 కిలోల యూరియా, 45 కిలోల సంచులు మూడు.

భాస్వరం దగ్గర జాగ్రత్త అవసరం. కొన్ని కేంద్రాలు భాస్వరాన్ని మూలక రూపంలో, కొన్ని ఆక్సైడు రూపంలో లెక్కించి ముద్రిస్తాయి. మూలక రూపంలో 10 లోపు తక్కువ, 25 దాటితే ఎక్కువ. ఆక్సైడు రూపంలో సుమారు 22 లోపు తక్కువ, 56 దాటితే ఎక్కువ. అంటే పై పత్రంలోని 38 అనే అంకె ఒక లెక్కలో 'ఎక్కువ', మరో లెక్కలో 'మధ్యస్థం'. ఏ రూపమో పరీక్ష చేసిన వారిని అడిగి తెలుసుకోకుండా మోతాదు నిర్ణయించకూడదు. ఆక్సైడు రూపమే అనుకుంటే మధ్యస్థం కాబట్టి 24 కిలోలు అలాగే వేయాలి. పొటాష్ ఏ రూపంలో చూసినా ఎక్కువే. 24ను 17 కిలోలకు తగ్గిస్తే 28 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ చాలు.

ఇప్పుడు ఏ ఎరువు రూపంలో వేయాలన్నది. 24 కిలోల భాస్వరం కోసం సుమారు ఒక సంచి డీఏపీ (డై అమ్మోనియం ఫాస్ఫేట్) గాని, మూడు సంచుల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ గాని కావాలి. మోయడానికి డీఏపీ సులువు. అయినా ఈ పత్రంలో గంధకం 10 పీపీఎంల కనీస స్థాయికన్నా తక్కువగా ఉంది, సూపర్ ఫాస్ఫేటులో 11 శాతం గంధకం ఉంది. మూడు సంచులతో పదహారు కిలోలకు పైగా గంధకం వేరే ఖర్చు లేకుండా చేరుతుంది. నూనెగింజలకు మాత్రమే గంధకం కావాలని అనుకుంటారు గాని పత్తి గింజ కూడా నూనెగింజే. గంధకం తక్కువ ఉన్న ప్రతి పత్తి చేనులోనూ నేను సూపర్ ఫాస్ఫేటునే ఎంచుకోమంటాను. డీఏపీ వేసినట్లయితే దానితో వచ్చే తొమ్మిది కిలోల నత్రజనిని యూరియా లెక్కలోంచి తీసివేయాలి.

సున్నం ఉన్న రేగడిలో వేసిన భాస్వరం కొద్ది వారాల్లోనే కాల్షియంతో కలిసి కరగని రూపాల్లోకి మారుతుంది. ఎర్ర నేలల్లో అదే పనిని ఇనుము, అల్యూమినియం చేస్తాయి. వేసిన దాంట్లో ఆ పంటకు దక్కేది అయిదో వంతు దాకా మాత్రమే. మిగిలింది ఎక్కడికీ పోదు, నేలలోనే ఉంటుంది. అందుకే ఏళ్లుగా డీఏపీ వేసిన పొలాల్లో భాస్వరం అంకె పెరుగుతూ పోతుంది. ఈ బిగింపును తగ్గించాలంటే ఎరువుకూ మట్టికీ తాకిడి తగ్గాలి, ఎరువుకూ వేరుకూ దూరం తగ్గాలి. భాస్వరం మొత్తాన్ని విత్తే ముందు చాళ్లలో, విత్తనం కన్నా కాస్త కిందుగా, పక్కగా పడేటట్టు వేయాలి. పొలమంతా వెదజల్లడం వల్ల తాకిడి పెరిగి నష్టం కలుగుతుంది. నలభయ్యో రోజున డీఏపీని మొక్కల మొదళ్లలో పైపైన పోయడం మన ప్రాంతాల్లో విస్తారంగా కనిపించే అలవాటు. ఆ భాస్వరం పడినచోటి నుంచి కదలదు. ఎండిన పై పొరలో అలాగే ఉండిపోతుంది. భాస్వరాన్ని కరిగించే సూక్ష్మజీవుల పొడిని చివికిన పశువుల ఎరువులో కలిపి ఆఖరి దుక్కిలో వేస్తే బిగిసిన భాస్వరంలో కొంత భాగం విడుదలవుతుంది.

యూరియా విషయంలో రేగడికీ చల్కకూ నష్టం జరిగే తీరు వేరు. రేగడి మీద పైపైన చల్లిన యూరియా, కొద్దిపాటి తేమ తగలగానే అమ్మోనియం కార్బొనేటుగా మారి, క్షార గుణం వల్ల అమ్మోనియా వాయువుగా గాలిలో కలిసిపోతుంది. ఎండలో, గాలిలో ఈ నష్టం మరింత పెరుగుతుంది. చల్కలో అది నైట్రేటుగా మారి పెద్ద వానకు వేరు అందని లోతుకు దిగిపోతుంది. రెండింటికీ పనికివచ్చే జాగ్రత్త ఏమిటంటే, నత్రజనిని విత్తిన 20, 40, 60, 80 రోజులకు నాలుగు సమభాగాలుగా పంచి, మొక్కకు నాలుగైదు అంగుళాల దూరంలో చిన్న గుంట తీసి వేసి మట్టి కప్పాలి. పొటాష్‌ను కూడా నత్రజనితో కలిపి విడతలుగా వేయవచ్చు. చల్కలో తప్పక అలాగే వేయాలి. మా ఉదాహరణలో ఒక్కో విడతకు సుమారు 34 కిలోల యూరియా వస్తుంది.

ఈ తేదీలకన్నా నేల పదును ముఖ్యం. నలభయ్యో రోజున నేల పొడిగా ఉంటే ఎరువు వేయకూడదు; వాన పడి, నీరు ఇంకి, మట్టి చేతికి అంటుకోని పదునులో వేయాలి. వరుసగా మూడు వారాలు వాన లేకపోతే ఆ విడత యూరియాను ఆపి, లీటరు నీటికి 10 గ్రాముల 13-0-45 (పొటాషియం నైట్రేట్) గాని, 20 గ్రాముల యూరియా గాని ఆకుల మీద పిచికారీ చేసి మొక్కను నిలబెట్టుకోవాలి. సెప్టెంబరు దాటాక వానలు ముఖం చాటేస్తే నాలుగో విడత మానుకోవడం వివేకమే. నీరు లేనిచోట నత్రజని పంటను పెంచదు. మట్టి ద్రావణంలో ఉప్పును మాత్రం పెంచుతుంది.

తక్కువ మోతాదులో కావలసినవి

మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 2009 నుంచి కర్ణాటకలో భూచేతన కార్యక్రమం కింద, అంతకుముందు మహబూబ్‌నగర్, నల్గొండ, కర్నూలు జిల్లాల్లో చేసిన పరీక్షల్లో వర్షాధార నేలల్లో గంధకం, జింకు, బోరాన్ లోపాలు విస్తృతంగా బయటపడ్డాయి. కనీస స్థాయిలు గుర్తుపెట్టుకోవడం సులువే: జింకు 0.6, ఇనుము 4.5, మాంగనీస్ 2, రాగి 0.2, బోరాన్ 0.5 పీపీఎం. మన పత్రంలో జింకు, బోరాన్ ఈ గీత కింద ఉన్నాయి.

జింకుకు ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటును ఆఖరి దుక్కిలో వేయాలి. ఇది రెండు మూడు పంటల దాకా పనిచేస్తుంది కాబట్టి ఏటా వేయనక్కరలేదు. దీనిని డీఏపీతో గాని సూపర్ ఫాస్ఫేటుతో గాని కలిపి వేస్తే జింకు ఫాస్ఫేటుగా మారి రెండూ పనికిరాకుండా పోతాయి. మధ్యలో కనీసం మూడు రోజుల ఎడం ఉండాలి. భాస్వరం అతిగా పేరుకున్న నేలల్లో, పత్రంలో జింకు సరిపడా ఉన్నట్టు కనిపించినా మొక్కలో లోపం రావచ్చు.

పత్తి బోరాన్‌ను ఎక్కువగా కోరే పంట. పుప్పొడి మొలకెత్తడానికి, కాయ ఏర్పడటానికి అది అవసరం. లోపిస్తే గూడ, పూత రాలుతాయి, కాయలు వంకర్లు పోతాయి, ఆకు కాడల మీద ముదురు రంగు వలయాలు ఏర్పడతాయి. నేలలో సరిపడా ఉన్నా బెట్టలో నీటి ప్రవాహం ఆగిపోవడంతో బోరాన్ అందదు. కనుక లీటరు నీటికి 1.5 గ్రాముల బోరాక్స్ చొప్పున 60, 90 రోజులకు రెండుసార్లు పిచికారీ చేయడం మంచిది. బోరాన్ లోపానికీ విషప్రభావానికీ మధ్య ఎడం చాలా చిన్నది. కొలవకుండా చేతికి వచ్చినంత వేయడం ఈ ఒక్క పోషకం విషయంలో ఎంత మాత్రం పనికిరాదు.

చేనులో ఆకును చూసి పోల్చుకోవడం

పరీక్ష పత్రం వేసవి నాటి నేలను చెబుతుంది. ఆగస్టులో నేల ఎలా ఉందో ఆకు చెబుతుంది. లక్షణం పాత ఆకుల్లో మొదలైందా, కొత్త ఆకుల్లోనా అన్నది ముందుగా చూడాలి. మొక్క లోపల కదలగలిగే పోషకాలు లోపించినప్పుడు కింది ముదురు ఆకులు, కదలలేనివి లోపించినప్పుడు పై లేత ఆకులు దెబ్బతింటాయి.

కింది ఆకులు ఈనెలతో సహా సమానంగా పసుపు పచ్చబారితే నత్రజని. కింది ఆకుల అంచులు మాడుతూ లోపలికి వస్తే పొటాష్. పై లేత ఆకులు తెల్లబారి, ఈనెలు మాత్రం పచ్చని గీతల్లా నిలిస్తే ఇనుము. సున్నపు రేగడిలో ముసురు పట్టి నీరు నిలిచిన వారం పది రోజులకు ఇది కనిపిస్తుంది, నీరు తీసేస్తే చాలావరకు దానంతటదే తగ్గుతుంది. తగ్గకపోతే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం ఎడంతో రెండుసార్లు పిచికారీ చేయాలి. నిమ్మ ఉప్పు కలపకపోతే అన్నభేది నీటిలోనే తుప్పు రంగుకు మారి పనిచేయదు. ఆకులు చిన్నవై, దళసరిగా మారి, కణుపులు దగ్గరపడి మొక్క గుబురుగా కనిపిస్తే జింకు అని అనుమానించాలి. లీటరుకు 2 గ్రాముల జింకు సల్ఫేటు పిచికారీ చేయాలి.

అన్నింటికన్నా రైతును ఎక్కువ కలవరపెట్టేది ఆకులు ఎర్రబారడం. దీనికి కారణాలు ఒకటికి మించి ఉన్నాయి, మందు కొట్టే ముందు ఏ కారణమో తేల్చుకోవాలి. ముదురు ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి వాటి మధ్య భాగం ఎర్రబారితే మెగ్నీషియం లోపం. చల్క నేలల్లో, పొటాష్ ఎక్కువగా వేసిన చోట ఇది తరచుగా వస్తుంది, ఎందుకంటే పొటాషియం ఎక్కువైతే మెగ్నీషియాన్ని వేరులోకి రానివ్వదు. లీటరుకు 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేటును 45, 75 రోజులకు పిచికారీ చేస్తే అదుపులోకి వస్తుంది. ఆకు అంచులు కిందికి ముడుచుకుని ఎర్రబారితే అది పచ్చదోమ పని. ఆకు తిప్పి చూస్తే తెలుస్తుంది. కాయ బాగా పట్టిన మొక్కలో, అక్టోబరు తరువాత రాత్రులు చల్లబడినప్పుడు ఆకు మొత్తం ఎర్రబారడం, కాయలు ఆకుల్లోని నత్రజనిని లాగుకోవడం వల్ల జరుగుతుంది. కాయలు పక్వానికి వచ్చాక ఇలా జరిగితే ఏ పిచికారీ అవసరం లేదు. ఆ డబ్బు మిగుల్చుకోవచ్చు. బెట్ట తరువాత పెద్ద వాన పడిన మర్నాడే మొక్కలు తలలు వాల్చేస్తే అది పోషక లోపం కాదు, వేర్లకు గాలి ఆడకపోవడం. ముందు నీరు తీయాలి.

సేంద్రియ కర్బనం

పత్రంలో దీన్ని చివరికి వదిలేశాను గాని, పైన చెప్పిన లెక్కలన్నీ దీని మీద ఆధారపడి ఉన్నాయి. 0.5 శాతం కన్నా తక్కువ కర్బనం ఉన్న నేలలో నత్రజని నిలవదు, జింకు, ఇనుము కరిగి ఉండవు, వాన నీరు ఆగదు. మన ఎండలకు సేంద్రియ పదార్థం త్వరగా కాలిపోతుంది కాబట్టి దీన్ని ఒకేసారి పెంచలేము. ఏటా కొంత చేర్చుతూ ఉండాలి. ఎకరాకు నాలుగు టన్నుల పశువుల ఎరువు మంచి మోతాదే గాని అంత పెంట ఈ రోజుల్లో అందరికీ దొరకదు. దొరికేవి మరికొన్ని ఉన్నాయి. వేసవిలో గొర్రెల మందను పొలంలో పెట్టించడం అందులో ఒకటి. చల్క నేలకు చెరువు పూడిక మట్టి మరొకటి: 2015లో మొదలైన తెలంగాణ చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ కాలంలో చాలా ఊళ్లలో రైతులు దీన్ని తోలుకున్నారు. పూడికలోని సన్నని బంకమన్ను చల్కకు నీటినీ పోషకాలనూ పట్టుకునే శక్తిని ఇస్తుంది. తోలే ముందు ఆ మట్టి పీహెచ్, లవణ పరిమాణం పరీక్షించాలి. చౌడు చెరువు మట్టి తెచ్చి మంచి చేను పాడుచేసుకోకూడదు.

ఇక పత్తి కట్టె. చివరి తీత కాగానే కట్టెను పీకి కుప్పవేసి తగలబెట్టడం మన దగ్గర మామూలు. ఆ మంటలో కర్బనం, నత్రజని, గంధకంలో ఎక్కువ భాగం గాలిలో కలిసిపోతాయి. కట్టెను యంత్రంతో ముక్కలు చేయించి, డిసెంబరు, జనవరిలోనే నేలలో కలిపి దున్నితే గులాబీ రంగు పురుగు దాగే కాయలు నాశనమవుతాయి, కర్బనం నేలకే దక్కుతుంది. కట్టెలో నత్రజని చాలా తక్కువ కనుక, అది కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని వాడుకుంటాయి. ముక్కల మీద ఎకరాకు పది కిలోల యూరియా చల్లి దున్నితే తరువాతి పంటకు ఆ కొరత తగలదు. తేమ లేని నేలలో కట్టె కుళ్లదు కాబట్టి, చివరి తీత తరువాత నేలలో కాస్త పదును మిగిలి ఉండగానే ఈ పని ముగించాలి. మూడేళ్లకు ఒకసారి, అదే వేసవి నెలలో, అదే ముక్కలోంచి మళ్లీ నమూనా తీసి, పాత పత్రాన్ని పక్కన పెట్టుకుని కర్బనం, భాస్వరం, పీహెచ్ అంకెలు ఎటు కదిలాయో చూసి తరువాతి మోతాదు నిర్ణయించుకోవాలి.